తెరవడం రాని తుపాకీ

ఆ రోజుల్లో భుజాన తుపాకీ వేలాడితే చాలు, ఎంతటి మెతకవాడికైనా మీసం దానంతటదే మెలి తిరుగుతుందని నా నమ్మకం. నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు, అది వేరే సంగతి. మలాయి దేశంలో క్లాంగ్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో నేను కిరాణీని (గుమాస్తాని అక్కడ అలాగే పిలిచేవారు). పక్క ఎస్టేటులో కూలీల మీద పెద్ద అయిన కంగాణిగారి అమ్మాయిని మా మేనత్త నాకిమ్మని అడిగింది. "కుర్రోడు బుద్దిమంతుడే గానీ మరీ మెతక. సూద్దాం లే," అన్నారట ఆయన. ఆ 'సూద్దాం' నెల దాటినా తెమలలేదు. ఈలోగా నేను ఆ అమ్మాయిని ఒక పెళ్ళిలో చూసి, అన్నం సయించని స్థితికి వచ్చేశాను.

అడవిపందుల్ని కొట్టే మా ఎస్టేటు దొరగారి రెండు గొట్టాల తుపాకీ పాడైతే, బాగుచేయించుకు రమ్మని నన్ను క్లాంగ్ పంపారు. "సంచిలోంచి తీయకు, లైసెన్సు కూడా అందులోనే ఉంది," అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆ రోజు ఆదివారం. కంగాణిగారు చేపల మార్కెట్టుకి వచ్చే రోజు. ఇంకేముంది, ఊరి మొదట్లోనే ఎడ్లబండి దిగి, తుపాకీ తీసి భుజాన వేసుకుని, సంచిని బండిలోనే వదిలేశాను. బండి తన దారిన తాను పోయింది. లైసెన్సూ దానితోపాటే పోయింది.

మార్కెట్లో కంగాణిగారు నన్ను చూసేలోపే మలాయి పోలీసు చూశాడు. "సురత్ మనా?" అన్నాడు, కాగితమేదీ అని. తుపాకీ నాదంటే లైసెన్సు చూపించమంటాడు, కాదంటే ఎక్కడ కొట్టేశావంటాడు. నేను బండి పోయిన దారివైపు చెయ్యి చూపించాను. గుళ్ళున్నాయేమో చూడాలని, "బుకా!" అన్నాడు, తెరవమని. నాకు గొడుగు తప్ప మరేదీ తెరవడం రాదు. లాగాను, నొక్కాను, మోకాలి మీద పెట్టి వంచాను. గొట్టాలు ఎటు తిరిగితే అటు జనం వంగిపోతున్నారు. నేను అందరికీ "మాఫ్, మాఫ్" అని క్షమాపణలు చెప్పుకుంటున్నాను. చివరికి చేపలబుట్ట చాటు నుంచి పోలీసే వచ్చి, లాక్కుని, బొటనవేలితో టక్కున తెరిచాడు. ఖాళీ!

"నిన్నెరిగినవాళ్ళుంటే సరే, లేకపోతే స్టేషనుకి నడు," అన్నాడు. నా పెళ్ళి, నా ఉద్యోగం రెండూ ఆ చేపల నీళ్ళలో కొట్టుకుపోతున్నట్టనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది. అప్పుడు చేతిలో చేపతో కంగాణిగారు ముందుకొచ్చి మలాయిలో చెప్పారు: "ఈడు నా అల్లుడు. తుపాకీ మొయ్యడమే వొచ్చు, ఇంకేటీ రాదు."

పోలీసు నవ్వాడు. సంచి వచ్చేదాకా తుపాకీని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. దొర రెండు రోజులు నాతో మాట్లాడలేదు (అది నాకు సెలవుతో సమానం). నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక పెళ్ళికి ఒప్పుకున్నారా అని మా మేనత్త ఆరా తీస్తే, కంగాణిగారు, "అంత తుపాకీ సేతిలో ఉన్నా అందరికీ మాఫ్ సెప్పినాడమ్మా. ఆడికాడ నా గుంట సల్లగుంటాది," అన్నారట.

చల్లగా ఉందో లేదో మా ఆవిడనే అడగాలి. ఇప్పటికీ బిస్కట్ల డబ్బా మూత బిగుసుకుపోతే నా ముందు పెట్టి, "బుకా!" అంటుంది. నా వల్ల కాదు. నవ్వి, తనే తెరుస్తుంది. ఈ మధ్య తన చేతులకీ వణుకొచ్చింది. అందుకని డబ్బా నేను పట్టుకుంటున్నాను, మూత తను తిప్పుతోంది.