పెద్దమ్మ చెప్పని కొలత

మా వీధిలో పసిపిల్లలకు నీళ్లు పోసే పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. పాలావిడ వచ్చి చెప్పగానే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తప్పే. కానీ నిజం అదే.

నా కూతురికి ఏడు నెలలు. దాని ఒళ్లు దేనికీ ఓర్చుకోదు. వారపత్రికలో బొమ్మ చూసి కొన్న సబ్బు ఒక్కసారి రాస్తే మెడ కింద చర్మం చిట్లి రసి కారింది. విజయనగరంలో డాక్టరు సబ్బు మానమన్నాడు. మరి దేంతో కడగాలో చెప్పలేదు. చివరికి పెద్దమ్మ కుంకుడు నీళ్లకే పిల్ల కుదుటపడింది.

ఆమె పని చూస్తే విసుగొచ్చేది. కాయల్లో గింజలు తీసి, పెంకులు నానబెట్టి, పిసికి వడగట్టేది. తేలిన నురగంతా చేత్తో తీసి పారేసేది. అడుగున మిగిలిన పల్చటి నీళ్లే పిల్లకు, అదీ మెడ కిందికే. కొత్త కాయలైతే ముందు తన మోచేతి మడతలో రాసుకుని మర్నాటిదాకా ఆగేది.

"ఎన్ని నీళ్లకు ఎన్ని కాయలు పెద్దమ్మా?" అని ఎన్నిసార్లు అడిగానో!

"ఏటే నీ లెక్కలు? సెయ్యి సెప్తాది," అనేది.

నా చెయ్యి ఏం చెప్పింది? ఆమె అరసవల్లి వెళ్లిన రోజు, నురగ ఎక్కువైతే శుభ్రమనుకుని గుప్పెడు కాయలు పిసికి చిక్కగా పోశాను. పిల్ల ఒళ్లంతా కందిపోయింది. ఆమె తిట్టిన తిట్లు వీధంతా విన్నది.

"ఒసే, సెట్టున కాసిందని సల్లగుంటాదనుకున్నావేటి? సిక్కగా పోస్తే ఇదీ సబ్బులాగే తోలు ఊడదీస్తాది!"

అప్పుడైనా కొలత చెప్పిందా? లేదు. వారం రోజులు తానే వచ్చి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోసింది. ఇచ్చిన కాఫీ చల్లారిందని దానికీ తిట్టింది. ఈ పిల్ల ఇవాళ నవ్వుతోందంటే ఆమె చేతి చలవే. మీ ఇంట్లో ఇలాంటి పెద్దావిడ ఉంటే, తిట్టినా సరే, కూర్చోబెట్టి అడిగి రాసుకోండి.

కబురు విని వెళ్లేసరికి ఆమెను తీసుకెళ్లిపోయారు. కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"నీ పిల్లకని నిన్న సాయంత్రం కాయలు నానబెట్టింది వదినా."

"ఎన్ని వేసింది? చెంబు ఏదీ?"

"సూడనేదు. మైల ఇంట్లో నిలవ నీలుంచకూడదు కదా, ఇప్పుడే పారబోసేసినాను."

పెరట్లోకి పరుగెత్తాను. పెంకులు కాలవలో కొట్టుకుపోయాయి. తూము దగ్గర కాస్త నురగ మాత్రం ఆగి ఉంది. వంగి చూస్తుండగానే ఆ బుడగలు ఒక్కొక్కటే పగిలిపోయాయి.