గీత బయటి మట్టి

వీధిలో అందరూ ఆయన్ని మట్టి బాబాయి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ల కిందట గట్టి వాన పడితే చాలు, ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లొచ్చేవి. అప్పుడాయన పక్కనే ఉన్న బ్యాటరీల ఫ్యాక్టరీలో ట్రాక్టరు డ్రైవరు. కొలిమి బూడిద కలిసిన నల్లమట్టి అక్కడ గుట్టలుగా పడి ఉండేది. "ఎవరికి కావాలంటే వాళ్లకి తోలేయ్, మాకు చోటు ఖాళీ అవుతుంది" అన్నాడు మేనేజరు. ఇంకేముంది, మన బాబాయి డ్యూటీ దిగాక కూడా ట్రాక్టరు దిగలేదు. ఇంటింటికీ మట్టి తోలి, పార పట్టి, పెరళ్లన్నీ ఎత్తు చేశాడు. టీ ఇస్తే తాగాడు, ఇవ్వకపోతే నవ్వి వెళ్లిపోయాడు. ఆ ఏటి నుంచి వీధిలో ఏ ఇంట్లోకీ నీళ్లు రాలేదు.

ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడా స్థలం శుభ్రం చేసి ఇళ్లూ పార్కూ కడతారట. జనం అభిప్రాయం తెలుసుకోవాలని బడి హాల్లో మీటింగు పెట్టారు. గోడకు మ్యాపు తగిలించారు. ఫ్యాక్టరీ ప్రహరీ వెంబడి దానిమీద ఎర్రగీత గీసి ఉంది.

"ఈ గీత లోపలి మట్టిలో సీసం ఉంది. మొత్తం తవ్వి తీసేస్తాం" అంది ఇంజనీరమ్మ. "చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి అది చాలా ప్రమాదం. గీత బయట మాత్రం భయం లేదు. అభ్యంతరాలుంటే ఇవాళే చెప్పండి. రేపటినుంచి మ్యాపు మారదు."

బాబాయి ఇన్నాళ్లూ ఆ నల్లమట్టిలో ఉన్నది ఉత్త బూడిదే అనుకున్నాడు. నోరు మెదపకపోతే పేరు నిలుస్తుంది, మట్టి మాత్రం పెరళ్లలోనే ఉండిపోతుంది. అవతల ఒక పెద్దమనిషి పార్కు గేటు తన ఇంటివైపే పెట్టాలని పోట్లాడుతున్నాడు. ఆయన పెరట్లోనూ ఆ నల్లమట్టే!

"బాబాయ్, నువ్వు చెప్పు. ఆ ఫ్యాక్టరీ సంగతి నీకన్నా ఎవరికి తెలుసు?" అంది ఎదురింటి టైలరమ్మ. ఆమె పక్కన కూతురు కూర్చుని ఉంది. ఇరవై ఒక్కేళ్లొచ్చినా ఆ పిల్లకి తల్లే జడ వేయాలి, తల్లే అన్నం కలిపి పెట్టాలి. ఎందుకలా పుట్టిందో ఏ డాక్టరూ తేల్చలేదు.

బాబాయి లేచాడు. ఇంజనీరమ్మ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఎర్రగీత దాటి తమ వీధిలో ఒక్కో ఇంటిమీదా సున్నా చుడుతూ పోయాడు.

"ఇక్కడంతా ఆ మట్టే. తోలింది నేనే" అన్నాడు.

హాలంతా గోల లేచింది. "ముసలాయనకి మతి పోయింది, కూర్చోబెట్టండి! ఇంక మన ఇళ్లవైపు ఎవరైనా చూస్తారా?" అని గేటు పెద్దమనిషి కేకలేశాడు. టైలరమ్మ ఒక్కతే అరవలేదు. కూతురి చెయ్యి పట్టుకుని మ్యాపు దాకా వచ్చి, తన ఇంటిమీది సున్నాను చూసింది.

"మా పెరట్లో ఎన్ని ట్రక్కులు పోశావు బాబాయ్?"

ఆయన తల దించుకున్నాడు.

"మూడమ్మా. అందరికీ రెండే పోశాను. నువ్వప్పుడు కడుపుతో ఉన్నావు కదా, నీళ్లలో జారిపడతావేమోనని నీకొకటి ఎక్కువ పోశాను."