రెండో చరణంలో ఒక లైను

నాష్‌విల్‌లో మా చర్చి పియానో వాయించే వెర్నా టాకెట్ రోజూ తెల్లవారగానే వరండాలో కూర్చుని, ప్రార్థన చేసుకుని, ఒక చరణం రాసేది. ఆ తర్వాతే హోటల్లో వంటపనికి బయలుదేరేది. ఆమెతో పదకొండేళ్లు కలిసి పల్లెపాటలు కట్టిన ఒలీటా, టీవీ సీరియళ్లు రాసే ఉద్యోగంలో చేరింది. ఇక ప్రతి ఆదివారం చర్చిలో ఆమె సీరియల్ ముచ్చటే. వెర్నా నవ్వుతూ తల ఊపేది గాని, కడుపులో మంట ఆరేది కాదు.

ఒకరోజు ఒలీటా ఫోన్ చేసింది. "సీరియల్లో తల్లి పాడే పాట ఒకటి కావాలే. శనివారం వస్తాను, కలిసి రాద్దాం."

మా ఊళ్లో పాట పుట్టేటప్పుడు గదిలో ఎవరుంటే వాళ్లందరి పేరూ పాట రాసినవాళ్లుగా సమానంగా పడుతుంది, కాఫీ మాత్రమే పోసినా సరే. ఆ పేరు ఒలీటాకు దక్కకూడదని వెర్నా శుక్రవారమే ఒక్కతే పాట పూర్తి చేసేసింది.

శనివారం ఒలీటా స్వయంగా పీచ్ పళ్ల కేకు చేసి తెచ్చింది. వెర్నా గిటారు మీటుతూ పాడిన పాట విని కళ్లు తుడుచుకుంది.

"దొంగమొహమా, నాకు పనే మిగల్చలేదే! నీ ఒక్కదాని పేరే వేయిస్తాను. అక్కడ పదిమందిమి ఒక్క మాట కోసం కొట్టుకుంటాం. ఇలాంటి లైను రాసి ఎన్నాళ్లయిందో! నిన్ను చూస్తే కుళ్లుగా ఉందే."

వెర్నా తల వంచుకుంది. పాటలో దిద్దాల్సినదేమీ లేదు. అయినా గిటారు ఒలీటా చేతిలో పెట్టి అడిగింది:

"రెండో చరణంలో ఒక లైను కుదరలేదే. కూర్చుని మార్చిపెట్టవూ?"