తెల్లగా వెలిగిన బల్బు

మిల్లు కాలువ పక్కనున్న షెడ్డులో ఈనక్ ఆల్డర్సన్ బ్యాటరీలకు ఛార్జింగు పెట్టేవాడు. కాలువలో నీళ్ళుంటే డైనమో తిరిగేది, డైనమో తిరిగితే ఈనక్‌కు రొట్టె దొరికేది. యార్క్‌షైర్ లోయలోకి మోటారు కార్లు కొత్తగా దిగిన రోజులవి. బ్యాటరీ అయిపోతే కారు ఎక్కడికక్కడ ఆగిపోయేది. అందుకే డాక్టర్ ఫాసెట్ రెండు ఉంచుకునేవాడు, ఒకటి కారులో, ఒకటి ఈనక్ దగ్గర.

ఈనక్ పనిలో దిట్టే. రానిదల్లా కాదనడం. ఊరి జాతరనాడు పబ్బు యజమాని సెప్ పీకాక్ వచ్చి బల్లమీద చతికిలబడ్డాడు.

"డాక్టరు బ్యాటరీ ఊరికే పడుందిగా. నా హాల్లో దీపాలకి ఒక్క పూట ఇయ్యరాదూ?"

"అది ఆయనదిరా."

"ఆయన సొమ్మేం అరిగిపోదులే. పొద్దున్నే తెచ్చి పడేస్తా."

ఈనక్ నవ్వాడు. నవ్వాడంటే ఇచ్చేసినట్టే.

మర్నాడు అది ఖాళీగా తిరిగొచ్చింది. ఛార్జింగుకు తగిలించాడో లేదో డాక్టరు వచ్చి నిలబడ్డాడు. కొండమీద గొర్రెల కాపరి కాల్వర్ట్ భార్య హనా నొప్పులు పడుతోంది. కారులోది అయిపోవచ్చింది, నిండుది కావాలి.

నిజం చెబితే డాక్టరు మిల్లువాళ్ళ గుర్రం అడిగి పోయేవాడు. ఈనక్ సిగ్గుపడి చెప్పలేదు. ఆ పని చేసేవాళ్ళకే తెలిసిన కిటుకొకటుంది. ఛార్జింగు లైను మీంచి అప్పుడే తీసిన బ్యాటరీ, సగం కూడా నిండకపోయినా సరే, కాసేపు బల్బును తెల్లగా వెలిగిస్తుంది. ఈనక్ బల్బు పెట్టి చూపించాడు.

"నిండిందా, ఈనక్?"

"చూస్తున్నారుగా, డాక్టరు గారూ."

కొండ సగం ఎక్కాక కారు ఆగిపోయింది. డాక్టరు నడిచి చేరేసరికి తల్లీ బిడ్డా దక్కలేదు.

సాయంత్రం ఆయన బురదకాళ్ళతో వచ్చి కూలబడ్డాడు. "తప్పు నాదే. పనిముట్ల కోసం ఇంటి దగ్గర దిగినప్పుడు స్విచ్చి కట్టెయ్యడం మరిచిపోయుంటాను. కరెంటంతా పోయింది."

ఈనక్ తేలు కుట్టిన దొంగలా బల్ల తుడుస్తూ ఉండిపోయాడు.

అప్పట్నుంచి డాక్టరు ఎక్కడ కారు దిగినా స్విచ్చి కట్టేసి, దాని తాళంచెవి పీకి గుప్పిట్లో పట్టుకునేవాడు. షెడ్డుకొస్తే గుప్పిట విప్పి, "తీశాను చూడు, ఈనక్" అనేవాడు. డాక్టరుది చాదస్తమని ఊరు నవ్వేది. ఈనక్‌కు మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు. ఒకరి బ్యాటరీ ఇంకొకరికి మళ్ళీ ఎన్నడూ ఇవ్వలేదు. దాంతో నిప్పులాంటి మనిషని పేరొచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు కాలినట్టుండేది.

ముసలితనాన డాక్టరు కారు అమ్మేశాడు. తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"దీన్ని పారెయ్యలేకపోతున్నాను. నీ దగ్గరుంచు."

ఈనక్ ఇక ఆగలేకపోయాడు. "ఆ రోజు మీరేం మరిచిపోలేదు, డాక్టరు గారూ. నిండుగా ఉన్నదాన్ని సెప్‌కిచ్చి, ఖాళీగా తిరిగొస్తే అదే మీకు అంటగట్టాను."

డాక్టరు అతని భుజం తట్టాడు. "నన్ను ఊరడించడానికి ఇంత అబద్ధమెందుకయ్యా? బల్బు నా కళ్ళతో చూశాగా. తెల్లగా వెలిగింది."

ఈనక్ అప్పుడే లైనుకు తగిలించిన ఖాళీ బ్యాటరీ ఒకటి తీసి బల్బు పెట్టాడు. తెల్లగా వెలిగింది. ఇద్దరూ చూస్తుండగానే పసుపురంగుకు తిరిగింది, ఎర్రబడింది, ఆరిపోయింది.

డాక్టరు తాళంచెవిని ఈనక్ వైపు జరిపాడు.

"కాల్వర్ట్ ఇంకా కొండమీదే ఉన్నాడు. వెళ్ళి చెప్పు" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నడిచి వెళ్ళు."