ఆదివారం రాని గాలి

దయ్యాలు లేవని ఊరూరా తిరిగి చెప్పడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. బళ్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, సెలవు రోజుల్లో ఇంట్లో పడుకోక, నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎలా వస్తుందో జనానికి చేసి చూపిస్తూ తిరిగేవాణ్ణి. "నిన్ను చూస్తే దయ్యాలకే విసుగు పుడుతుంది" అనేది మా ఆవిడ. మాది మధిర వైపు. టేకులపల్లి దగ్గర అడవి ఊళ్లలో ఎంతకాలం ఉద్యోగం చేసినా, నేను నోరు తెరిస్తే నా యాసకు అక్కడివాళ్లు ఇప్పటికీ మూతి బిగించి నవ్వుకుంటారు.

ఆ వేసవిలో ఒక ఆటో డ్రైవరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మణుగూరులో గది కిరాయికి తీసుకుని భార్యతో ఉంటున్నాడు. తల్లి మాత్రం అడవి అంచున ఉన్న పాత ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

"ఇంట్ల గాలి ఉంది సారూ. ఎవ్వలు మా గడప తొక్కుత లేరు. మొన్న అమ్మ వాకిట్ల పడ్డది, లేపెటోళ్లు లేరు. నాతోని రమ్మంటే రాదు. మీరొచ్చి ఏం లేదని చెప్పుండ్రి."

గాలి అంటే అక్కడ దయ్యమే. ఆ మాట నోటితో అనడానికి భయం.

"నువ్వు నమ్ముతావా?" అన్నాను.

"నేనెందుకు నమ్ముత సారూ!" అన్నాడు. అన్నవాడు ఊరి బయటే ఆటో ఆపేసి, ఇల్లు అల్లంత దూరం నుంచి చూపించి, నన్ను నడిచి వెళ్లమన్నాడు.

మట్టిగోడలు, పైన గూనపెంకులు. కట్టేటప్పుడు నేలలోంచి ఒక పెద్ద బండ తేలితే, దాన్ని పగలగొట్టలేక అట్లాగే ఇంట్లో కలుపుకున్నారు. ఆ బండ మీద ఇత్తడి చెంబు, చెంబు మీద బోర్లించిన స్టీలు గ్లాసు. మధ్యాహ్నం పొద్దు వాలే వేళకి ఆ గ్లాసు కాసేపు గలగలమంటుంది. ఆ గాలి చేసే ఆగడమంతా అంతే. నా సర్వీసులో ఇంత మెతక దయ్యాన్ని చూడలేదు.

ముసలమ్మకు భయం లేదు. నాకు పీట వేసి, తన కథ తనే చెప్పింది. కూతురు కాలనీ ఇళ్లలో పనికి పోయేది. మధ్యాహ్నం ఎండనపడి వచ్చి, చెప్పులు విడవకుండానే ముందు ఆ చెంబు ఎత్తేది. ఒక వానాకాలం జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోదామంటే వాగు పొంగింది. మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున పెట్టుకుని, నీళ్లు తగ్గుతాయేమోనని చూస్తూ కూర్చున్నారు. వాగు తగ్గేసరికి పిల్ల లేదు. అప్పటినుంచీ తల్లి రోజూ ఆ వేళకు చెంబు నింపి పెడుతోంది. ఏడాది తిరక్కముందే గ్లాసు మోగడం మొదలైంది.

"నీ బిడ్డే అని ఊరందరు అంటుండ్రు సారూ. వాళ్లు ఏదైనా నమ్ముతరు, వాళ్ల మాటకేముంది? నువ్వు నమ్మవట గద. నువ్వు చూసి అవునంటే, గప్పుడు నాకు నిమ్మళం."

"కాదంటేనో?"

"కాదంటే ఈడ నాకేం పని? కొడుకెంట పోత."

నన్ను నాస్తికుడని తిట్టినవాళ్లున్నారు, కర్రలు పట్టుకుని వెంటబడ్డవాళ్లున్నారు. నా మాట మీద ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషి మాత్రం ఈమె ఒక్కతే. అవునమ్మా, నీ కూతురే అని అప్పుడే అనేసి లేచిపోవాలనిపించింది. కానీ చూడకుండా చెప్పిన మాట ఆమెకూ పనికిరాదు.

బడి సెలవులు కావడంతో మధ్యాహ్నాలు వెళ్లి కూర్చునేవాణ్ణి. తలుపులు, కిటికీ మూసి చూశాను, ఈదురుగాలి కాదు. పిల్లి కాదు, ఎలుకలు కాదు. నేను చూస్తుండగానే గ్లాసు వణికి మోగేది. ఆమె చెంబు వైపు చూడదు, నా మొహం వైపు చూస్తుంది. ఇంకా తెలియలేదమ్మా అని చెప్పిన రోజల్లా నాకు పండగే.

ఒక ఆదివారం వెళ్తే గ్లాసు మోగలేదు.

"ఇయ్యాల రాదు సారూ. సంతకు పోతది గద," అంది ముసలమ్మ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. అక్కడ ఆదివారం సంత. ఆ రోజు ఊరంతా సంతలోనే ఉంటుంది, మరి పిల్ల ఇంట్లో ఎందుకుంటుంది? అందుకే ఆ ఊళ్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. నేనూ నవ్వుకుంటూ బయల్దేరాను. ఊరి పక్కనున్న గుట్ట దాకా వచ్చాక నా నవ్వు ఆగిపోయింది. దయ్యాలకు ఆదివారం సెలవుండదు. సెలవుండేది పనులకు.

గుట్ట అవతల, ఆ పిల్ల పోయాక కొత్తగా బొగ్గు తవ్వుతున్నారు. బాయి అంటారు దాన్ని. రోజూ మధ్యాహ్నం అక్కడ మందు పెట్టి పేలుస్తారు. సైరను మోత గానీ, పేలుడు చప్పుడు గానీ గుట్ట దాటి వినిపించవు. మెత్తటి నేల మీద ఇళ్లకు అదురు తెలియదు. బండకు తెలుస్తుంది.

నా దగ్గర చదువుకున్నవాడొకడు బాయిలో పని చేస్తున్నాడు. మర్నాడు అతనికి ఫోన్ చేసి, పేలుడు అయ్యేదాకా లైనులో ఉండమన్నాను. ఇది బాయి నుంచమ్మా అని చెప్పి, ఫోను స్పీకర్లో పెట్టి బండ పక్కన కూర్చున్నాను. తప్పయితే బాగుండు అనుకున్నాను. ఏ దేవుణ్ణీ ఏదీ అడగనివాణ్ణి, ఎవరిని అడుగుతున్నానో తెలియకుండానే అడిగాను.

ఫోనులో ధబ్బుమని వినిపించింది. "అయింది సార్" అన్నాడతను. ఆ వెంటనే గ్లాసు గలగలమంది.

ముసలమ్మ ఫోను వంక చూసింది, గ్లాసు వంక చూసింది.

"ఆదివారం బాయికి సెలవా సారూ?"

"సెలవేనమ్మా."

ఆమె ఏడవలేదు. లేచి, గ్లాసు తిప్పి, చెంబులో నీళ్లు వంచి నా చేతికిచ్చింది. "తాగు. ఎవలకని ఉంచాలె?" అంది. తాగాను. ఖాళీ గ్లాసు చెంబు మీద బోర్లించబోయి, పక్కన బండ మీద పెట్టాను.

వారం తిరక్కముందే కొడుకు ఆమెను మణుగూరు తీసుకుపోయాడు. అతను చాలా సంతోషించాడు, నాకు దండం పెట్టాడు. నేను చెప్పినదాంట్లో తప్పులేదు. తప్పుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న చలికాలంలో అటు పనిపడి వాళ్ల గదికి వెళ్లాను. ముసలమ్మ సగానికి సగమైంది. కోడలు ప్లాస్టిక్ సీసాతో నీళ్లు తెచ్చిచ్చింది.

"చెంబేదమ్మా?" అన్నాను.

"పాత సామానోడు వస్తే ఏసిన," అంది ముసలమ్మ. గుమ్మంలో పక్కింటివాళ్లు ఎవరో చూస్తుంటే వాళ్లకు నన్ను చూపించింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. చుట్టాన్ని చూపించినట్టే చూపించింది.

"నేను చెప్పలే? నా బిడ్డ ఇగ రాదని చెప్పిన సారు, ఈయన్నే."