ఇక్కడికే

రాష్ట్ర సరిహద్దు అవతల, అడవి అంచున ఉన్న కొంటాలో కాపురం పెట్టిన మొదటి వారంలోనే నాకు అర్థమైంది, ఊరంతా నా మీద నిఘా పెట్టిందని.

పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటగానే ఇంటావిడ అడిగేది: "ఎటు పోతున్నవ్ సారూ?" సందు మలుపులో పంక్చర్లు వేసే ఆయన చక్రం మీంచి తలెత్తకుండానే "ఎటు?" అనేవాడు. టీ కొట్టాయన అడిగేవాడు. మేకలు తోలుకుపోయే ముసలాయన, నా పేరు కూడా తెలియనివాడు, ఆగి మరీ అడిగేవాడు. నేను రాజమండ్రి టోకు వ్యాపారి తరఫున చింతపండు కొనడానికి వచ్చినవాణ్ణి. నా ఎకనామిక్స్ డిగ్రీకీ చింతపండుకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. అడగాల్సింది అదీ.

మా కోనసీమలో బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగడం ఇంచుమించు దాడి కిందే లెక్క. ఎవరైనా అడిగితే మా తాతగారు చెప్పులు విప్పి, వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. దారిలో ఇంకొకరు అడిగారా, ప్రయాణమే రద్దు. మా చిన్నాన్నకు పెళ్ళి ఆలస్యం కావడానికి మా వీధిలో ఎటని అడిగేవాళ్ళు ఎక్కువ కావడమే కారణమని ఇంట్లో చెప్పుకుంటారు. కాబట్టి మర్యాదస్థులు అడగరు. అడిగితే చెప్పరు. "ఇక్కడికేనండీ" అని నవ్వి తప్పుకుంటారు.

నేనూ అదే చేశాను. దోర్నపాల్ వెళ్తున్నా "ఇక్కడికేనండీ." అడవి దారి పట్టి ఏదో పల్లెకు వెళ్తున్నా "ఇక్కడికేనండీ." వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. టీ కొట్టులో నాకు తెలియని భాషలో ఏదో అనుకునేవారు. ఆ భాషలో నాకు తెలిసిన ముక్క ఒక్కటే, 'సారు'. అది మాత్రం తరచుగా వినిపించేది.

"నిజం చెప్పేస్తే ఏం పోతుందండీ?" అంది మా ఆవిడ.

"ఎందుకు అడుగుతున్నారో ముందు తెలియాలి," అన్నాను.

ఆమెకు అప్పుడు ఆరో నెల. గతుకుల రోడ్ల మీద తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో పుట్టింటి ప్రయాణం ఆగిపోయింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దగ్గరలో, ఇంట్లోనే కుళాయి ఉండి, మాకు దొరికిన ఇల్లు ఇదొక్కటే. ముందు భాగంలో ఇంటావిడ, వెనక రెండు గదుల్లో మేము. ఆవిడ తనవాళ్ళతో దోర్లీ, మాతో తెలుగు, బ్యాంకులో హిందీ మాట్లాడుతుంది. కోపం వస్తే మూడూ వాడుతుంది.

ఒకరోజు చీకటి పడే వేళకి ఇల్లు చేరేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"సారూ, నెలాఖరుకు వేరే ఇల్లు చూస్కోండ్రి."

చెప్పు విప్పబోయినవాణ్ణి అలాగే ఉండిపోయాను. "ఏమైందండీ?"

"ఏమైతది! పొద్దుగాల పోతవ్, పొద్దుగూకినంక వస్తవ్. ఎటు పోయినవంటే ఇక్కడికే అంటవ్. ఈ ఇక్కడ ఎక్కడున్నది?"

ప్రశ్న బాగుందనిపించింది.

"ఆ అండీ ఒకటి," అందావిడ. "మాటకొక అండీ. పనిబడ్డోడే గంత మెత్తగ మాట్లాడతడు. నీ కిరాయిదారు పోలీసోళ్ళ మనిషా, అడవిలోళ్ళ మనిషా అని గల్లీల అందరు నన్నడుగుతున్నరు. ఏమని చెప్పాలె?"

లోపల్నుంచి మా ఆవిడ వచ్చింది. "పెద్దమ్మా, ఆయన చింతపండు మనిషి."

"నువ్వు మంచిదానివే బిడ్డా. నిన్నెవరన్న పొమ్మన్నరా?"

అంటే నన్నొక్కణ్ణే పొమ్మంటోందన్నమాట. అందులో ఉన్న చిక్కు ఆవిడకు తట్టినట్టు లేదు.

చివరికి తాతగారి సంగతంతా చెప్పాను: చెప్పులు, అరుగు, నీళ్ళు. ఆవిడ నమ్మలేనట్టు చూసింది.

"అడిగితే పని ఖరాబయితదా? అడగకపోతే ఎవడు యాడున్నడో ఎట్ల తెలుస్తది? ఊరు దాటినంక నీ ఫోను పలుకుతదా? ఈ పిల్లకు నొప్పులొస్తే నిన్ను తోలుకరానీకి నేను మనిషిని యాడికి పంపాలె? ఇక్కడికా?"

మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపు ఇంటావిడ పక్షానే ఉంది.

"రేపు చెప్పి పో. తర్వాత చూద్దాం," అంది ఇంటావిడ.

మర్నాడు పొద్దున్న గుమ్మంలో నిలబడి, పెళ్ళిచూపుల్లో జీతం చెప్పేవాడిలా గొంతు సవరించుకున్నాను. "మరైగూడకండీ. చింతపండు చూడటానికి."

"ఆగు," అని ఆవిడ లోపలికి పోయి ఒక మూట తెచ్చింది. గుడ్డలో బిగించి కట్టింది. "మా చెల్లెకియ్యి." పంక్చర్లాయన అక్కడున్న బావమరిదికి ఇమ్మని సైకిల్ ట్యూబు ఇచ్చాడు. టీ కొట్టాయన ఎవరికో ఇమ్మని మందు సీసా ఇచ్చాడు. నిఘా అనుకున్నది పార్సిల్ సర్వీసన్నమాట. అయినా అనుమానం పోలేదు. నిన్న ఇల్లు ఖాళీ చేయమన్న మనిషి ఇవాళ ముడివిప్పని మూట చేతిలో పెట్టిందంటే ఆలోచించాల్సిందే. జీపులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వాసన చూశాను. ఎండు చేపలు. లేదా ఎండు చేపల వాసన వచ్చేది ఇంకేదైనా.

దారిలో జీపు ఆపారు. బ్యాగులు తనిఖీ చేసే జవాను కిటికీలోంచి తల పెట్టి, సరిగ్గా నన్నే, ఎక్కడికని అడిగాడు: "కహా జా రహే హో?"

ఎన్నేళ్ళ అలవాటో! నా నోరు నన్ను అడగకుండానే, ఆ 'ఇక్కడికే'ను హిందీలోకి మార్చుకుని మరీ చెప్పేసింది: "బస్, యహీ తక్."

చుట్టూ అడవి. ఒక్క ఇల్లు లేదు. జవాను ఆ 'యహీ' కోసం ఓసారి అటూ ఇటూ చూసి, నన్ను దిగమన్నాడు.

సంచీ, ట్యూబు, సీసా, మూట రోడ్డు మీద బారుగా పరిచాను. ఎవరివని అడిగాడు. సంచీ తప్ప ఒక్కటీ నాది కాదన్నాను. నిజమే, కానీ నిజం చెప్పడానికి అది సమయం కాదు. అప్పుడు జీపులోంచి ఒక్కసారిగా అందరూ అరిచారు:

"మరైగూడ సాబ్, మరైగూడ!"

"ఇమ్లీవాలా హై, చింతపండు సారు!"

"గా మూట కొంటా పెద్దమ్మది, ఆమె చెల్లెకు!"

ఎవరో పూర్తిగా కొత్త మనిషి, నా భార్యకు ఆరో నెలని కూడా హిందీలో వివరించాడు. జవాను మూట విప్పాడు. చేపలే. వాసనకు తల పక్కకి తిప్పుకుని, ఎక్కమని చేయి ఊపాడు. అంతమందికి నా సంగతి తెలియడం నాకు ఇష్టమైన మొదటి సందర్భం అదే.

మరైగూడలో ఆ చెల్లెలు మూట తీసుకుని, బదులుగా మామిడి ఒరుగుల పొట్లం ఇచ్చింది. "పిల్లకు పుల్లగ తినబుద్ధయితున్నదంట గద." మా ఆవిడ పులుపు అడిగిన సంగతి అప్పటికి నాకే తెలియదు. నేను చింతపండు వ్యాపారంలో ఉన్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటావిడ గుమ్మంలోనే ఉంది. నవ్వు ఆపుకుంటోంది. "నడిమిట్ల దింపిండ్రంట గద?"

నాకంటే కబురే ముందు ఇల్లు చేరింది. "నెలాఖరుకు ఇల్లు..." అంటూ మొదలుపెట్టాను.

"ఏం ఇల్లు?" అంది. "రేపెటు?"

"దోర్నపాలండీ."

"దోర్నపాలా? పొద్దుగాల ఆగి పో, పనున్నది."

మర్నాడు కిందటిదానికంటే బరువైన మూట పుచ్చుకుని, ఎక్కడికి వెళ్తున్నదీ ఆవిడకూ పంక్చర్లాయనకూ వినబడేలా చెప్పాను. చెప్పి, వెనక్కి తిరిగి, చెప్పులు విప్పి, లోపలికెళ్ళి గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాను. తాతగారి మాట కూడా పూర్తిగా కాదనలేం.

ఇంటావిడ అదంతా చూసింది. అనుమానంగా చూసింది.