రెండు గుక్కల నీళ్ళు

నా చెల్లెలు తాను చేయని తప్పును చేశానని నమ్మి ఇన్నేళ్ళుగా బతుకుతోంది. నమ్మించింది నేను. ఆ బరువు లోపల పెట్టుకునే తిన్నాను, నిద్రపోయాను, నలుగురిలో పెద్దమనిషిగా తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తమిళనాడులో గుడియాత్తం పక్కన పల్లె. తేలు కుట్టినా కందిరీగ కుట్టినా మా తాత వేపమండతో మంత్రం వేసేవాడు. విషం దిగేదాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగించకూడదని నియమం. ఆయన ఆ మంత్రం ఎవరికీ చెప్పకుండానే పోయాడు. నా చెవిలో చెప్పాడని నేనే పుట్టించాను. ఎందుకు? జనం నా కోసం వాకిట్లో నిలబడాలని. అంతే. ఊరికే పెదాలు కదిలించేవాణ్ణి. నొప్పి దానంతటదే తగ్గేది. పేరు నాకు వచ్చేది.

ఆ రోజు కొబ్బరితోటలో చెల్లెలి కూతురిని కందిరీగలు కుట్టాయి. ఇంకా బడికి కూడా పోని పిల్ల. చెల్లెలు నవ్వుతూనే ఎత్తుకొచ్చింది.

"ఏడవొద్దమ్మా, మామ ఉండాడు కదా. కందిరీగలకే మీ మామంటే భయం!"

కుట్టినచోట సున్నం రాసి, మండ ఆడించాను. కాసేపటికే పిల్ల పెదాలు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి.

"అన్నా, బిడ్డకి ఊపిరి ఆడలేదు. ఆటో పిలువు, వేలూరికి పోదాం."

"మంత్రం ఏసినాక గడప దాటితే విషం తలకెక్కుతాది. ఉండు, దిగుతాది."

ఆ మాట అప్పటికప్పుడు అల్లింది. దిగడం లేదని నాకు కనిపిస్తూనే ఉంది. పిల్ల గొంతులో ఈలలాంటి చప్పుడు వింటూ కూడా, ఆసుపత్రికి పంపితే నా మంత్రం ఉత్తదని బయటపడుతుందే అని ఆలోచించిన మనిషిని నేను. ఇంకో మండ తెస్తానని పెరట్లోకి పోయాను. చివరికి ఆటో ఎక్కాం. పిల్ల దారిలోనే పోయింది.

వేలూరులో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, వెంటనే తెచ్చి ఉంటే ఒక్క సూదితో బతికేదేమో అన్నాడు. చెల్లెలు ఆ మాట వినలేదు. వరండాలో కూలబడి నన్ను అడిగింది.

"నువ్వు మండకి పోయినప్పుడు, దాహమంటే రెండు గుక్కలు తాపించినాను అన్నా. దానివల్లేనా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను తల దించుకున్నాను. అది అవునని ఆమె అనుకుంది. అనుకోవాలనే దించుకున్నాను.

ఇప్పటికీ ఎవరి బిడ్డ నీళ్ళడిగినా ఆమె తన చేత్తో ఇవ్వదు. చెంబు పక్కవాళ్ళకు అందించి లోపలికి వెళ్ళిపోతుంది. ఎన్నోసార్లు చూశాను. చూసి ఊరుకున్నాను.

ఇది తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే, కానీ చెల్లెలు చదివింది అరవం. ఈ అక్షరాలు ఆమెకు రావు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానా? అవును. అదీ ఒప్పుకుంటున్నాను.

నీళ్ళు బిడ్డను ఏమీ చేయలేదు. ఆలస్యం చేసింది నేను. రాశాక కాస్త తెరిపిగా ఉంది. ఆ తెరిపికి కూడా సిగ్గుగానే ఉంది.